పెద్ద టైర్ల జీపు

“నా మనసు నన్ను తప్పు పట్టనప్పుడు, ఇంకొకరి మాట నేనెందుకు వినాలి స్వామీ?”

జీపు నడుపుతూ ఓబులేసు అడిగిన మాట ఇది. పక్కన కూర్చున్న గురువు పరిపూర్ణస్వామి రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు చూస్తున్నారు. వెనక సీట్లో మద్దిలేటి సంచి ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. వాడు సోమరి అని తేల్చి, మఠం నుంచి పంపేసి నంద్యాలలో బస్సెక్కించడానికే ఈ ప్రయాణం. తేల్చింది ఓబులేసే. మఠం తప్ప మద్దిలేటికి వేరే దిక్కు లేదు. పెత్తనం చేతికొచ్చినప్పటి నుంచి మన ఓబులేసు ముగ్గురి పని ఒక్కడే చేస్తున్నాడు, కాదనలేం. తనంత చేయని ప్రతివాడూ సోమరే అంటున్నాడు, అదీ చూస్తూనే ఉన్నాం!

స్వామివారికి ఒక అలవాటు ఉంది. మీటరు ముల్లు అరవై మీద ఉంటే, ఒక కిలోమీటరు రాయి దగ్గర స్తోత్రం అందుకుని, తర్వాతి రాయి దగ్గర సరిగ్గా ముగిస్తారు. ఆ రోజు రాయి వచ్చేసినా చివరి చరణం నోట్లోనే ఉండిపోయింది. మళ్లీ చదివారు. మళ్లీ అంతే.

“వేగం ఎక్కువైనట్టుందే,” అన్నారు.

ఓబులేసు నవ్వాడు. “ముల్లు అరవై దాటలేదు స్వామీ. వయసు మీదపడి తమ నాలుకే మందగించింది.” అబ్బో, ఎంత ధీమా!

మలుపు తిరగగానే రోడ్డు నిండా గొర్రెలు. ఓబులేసు బ్రేకు గట్టిగా తొక్కాడు. తాను అనుకున్నచోట జీపు ఆగలేదు. ఇంకా ముందుకు జారి, గొర్రెలు కాసే ఆమెకు జానెడు దూరంలో నిలిచింది.

“కండ్లు నెత్తికెక్కినాయా సామీ?” అని ఆమె దులిపేసి, మందను తోలుకుపోయింది.

ఓబులేసు కిందికి దిగాడు. “మీటరు నన్ను మోసం చేసింది స్వామీ!”

స్వామి చక్రం వైపు చూపించారు. ఏటి ఇసుకలో దిగబడకుండా ఉండాలని మొన్ననే ఓబులేసు దగ్గరుండి వేయించిన టైర్లు. పాతవాటికన్నా బాగా పెద్దవి. “పాపం, మీటరు చక్రం తిరిగిన చుట్లే లెక్కపెడుతుంది. చుట్టుకు ఇంత దూరమని పాత టైరు కొలతే దానికి తెలుసు. ఇప్పుడు ఒక్కో చుట్టుకు ఇంకాస్త ఎక్కువ పోతున్నాం. అది అరవై అంటుంటే మనం డెబ్భైకి దగ్గర్లో ఉన్నాం.”

ఓబులేసు వెనక సీట్లోని మద్దిలేటి వైపు చూశాడు. సిగ్గుతో మొహం కందిపోయింది. తర్వాత ఎక్కి, జీపును వెనక్కి తిప్పాడు.

“బస్టాండు అటుగదన్నా?” అన్నాడు మద్దిలేటి బెదురుగా.

“మఠానికే పోదాం తమ్ముడూ. ముగ్గురి పని చేస్తూ అది ఒక్కడి పనే అనుకున్నా, నీ విషయంలో నా లెక్క తప్పింది.”

“లెక్క తప్పలేదు నాయనా,” అన్నారు స్వామి. “చక్రం పెరిగిన సంగతే చూసుకోలేదు.”