ఎదురు చెప్పిన శవం

చిన్న కథే. రెండు ఆవలింతల్లో అయిపోతుంది. నిన్నా ఇలాగే అన్నావు అమ్మమ్మా అంటావేంటే సుబ్బులూ, నిన్న మధ్యలో మీ పెదనాన్న పెళ్ళిలో పప్పు మాడిన సంగతి వచ్చింది. అది దాటేస్తే పాపం కదూ.

అనగనగా ఒక ఏరు. ఇవతల ఒక రాజు, అవతల ఒక రాజు, మధ్యలో ఇసుకతిన్నె. ఆ తిన్నె నాదంటే నాదని యుద్ధం. దాని మీద ఏం పండుతుందని అడక్కండి, గడ్డి కూడా మొలవదు. మన వీధి చివర అన్నదమ్ములు గోడ కోసం మాటలు మానేశారు చూడండి, అలాగే.

యుద్ధానికీ ఒక ధర్మం పెట్టుకున్నారు. పొద్దు వాలగానే కొమ్ము ఊదాలి. ఆడవాళ్ళు వచ్చి తమవాళ్ళ శవాలను తీసుకెళ్ళచ్చు. పెళ్ళాం ఏడుపు ఎత్తుకుందంటే అది శవమే, దాని మీద ఆయుధం ఎత్తకూడదు. బాగానే ఉంది. మరి దెబ్బ తగిలి బతికున్నవాడో? వాడి గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. దొరికినవాణ్ణి దొరికినట్టు పొడిచేవాళ్ళు. ఊ కొడుతున్నారా?

ఇవతల ఊళ్ళో అచ్చాయమ్మ అని ఒక కోడలు. మొగుడు వీరాస్వామి. వీరమంతా పేరులోనే ఉంది. ఎదురు చెప్పకపోతే అతనికి తిన్నది అరగదు, మీ తాతయ్యకు మల్లే. ఆ సాయంత్రం అచ్చాయమ్మ వెళ్ళేసరికి తొడలో బాణంతో పడి ఉన్నాడు. బతికే ఉన్నాడు. అవతలి కాపలా నాయకుడు ఈటెతో ఒక్కొక్కరినీ కదిపి చూస్తూ ఇటే వస్తున్నాడు.

ఆవిడ గబుక్కున వంగింది. మొగుడి చెవిలో చెప్పింది. మూలగకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, మాట్లాడకూడదు. చెప్పి ఏడుపు ఎత్తుకుంది.

పోయినవాడి మంచితనం చెప్పి ఏడవాలి కదా. వెతికింది. ఏమీ దొరకలేదు. అందుకని తన మంచితనం చెప్పుకుంది.

"అట్లు పోశానే, పోసిన అట్టుకు నెయ్యి రాశానే, రాసిన నెయ్యి నాకావే, నాకి గిన్నె బోర్లించినా ఒక్క మాటన్నానా నా దేవుడో!"

ఈటె మొన వీరాస్వామి పక్కటెముకల దగ్గర ఆగింది. అతను బాణం నొప్పి ఓర్చుకున్నాడు. ముక్కు మీద చీమను ఓర్చుకున్నాడు. ఇది మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

"అనలేదా? గరిటె విసరలేదూ!"

ఈటె పైకి లేచింది. అచ్చాయమ్మ మొగుడికి అడ్డంగా పడిపోయింది.

"ఆగు నాయనా! నేను ఏడ్చాను, నువ్వు విన్నావు. ఇది శవం."

"శవం మాట్లాడుతోంది కదమ్మా!"

"మాట్లాడకూడదని మీ ధర్మంలో ఉందా? రేపు నువ్వు పడితే, మీ ఆవిడ ఏడుస్తుంటే, మావాళ్ళు పొడవాలా వద్దా? అది చెప్పి పొడువు."

నాయకుడు ఎత్తిన ఈటె దించాడు.

"తీసుకెళ్ళు. దారిలో మాట్లాడనివ్వకు" అన్నాడు.

ఆ మాట తెల్లారేలోగా రెండు ఒడ్లకూ పాకింది. నావైపు చూడకండి, నేనప్పటికి పుట్టలేదు. మర్నాడు కొమ్ము ఊదగానే రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ వచ్చారు. మూలుగుతున్నవాళ్ళ మీద ఏడ్చారు, కూర్చున్నవాళ్ళ మీద ఏడ్చారు, దెబ్బే తగలనివాళ్ళను పడుకోబెట్టి మరీ ఏడ్చారు. అందరికన్నా గట్టిగా ఏడ్చింది ఆ నాయకుడి పెళ్ళాం.

ఆ తర్వాతి రోజు యుద్ధానికి ఇద్దరు రాజులే వచ్చారు. కాసేపు ఒకరినొకరు చూసుకుని వెళ్ళిపోయారు. మిగతావాళ్ళంతా చచ్చిపోయి, ఇళ్ళల్లో అన్నాలు తింటున్నారు.

కిందపడ్డవాణ్ణి కొట్టకూడదు సుబ్బులూ. పొద్దున తమ్ముణ్ణి కొట్టావు, చూశాను. కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లో దూరండి. ఇసుకతిన్నె అంటావా? ఆ ఏడు వరదకు కొట్టుకుపోయింది.