ఉప్పు కూర్చున్న నెత్తళ్ళు

ఒకప్పుడు నెత్తళ్ళు, అదే ఆ వేలెడంత చేపలు, చప్పగా ఉండేవి. ఇది చిన్న కథ, పొయ్యి మీద గంజి పొంగేలోపు అయిపోతుంది. సముద్రంలో పుట్టి చప్పగా ఎలా ఉంటాయని అడక్కండి. మా పేటలో తాతీలు అనేవాడు పుట్టినప్పటినుంచి సముద్రం పక్కనే ఉన్నాడు, ఈత రాదు. వాళ్ళన్నయ్య సంగతి ఇంకా ఘోరం. మామగారింటికని బయల్దేరి...

సరే, నెత్తళ్ళు. చప్పగా ఉండటమే కాదు, పొద్దున్న పట్టినవి సాయంత్రానికి కుళ్ళిపోయేవి. రాజులమ్మ అనే ఆవిడ మిగిలినవాటిని రోజూ కొబ్బరిచెట్టు గోతిలో పారబోసేది. వానాకాలం పడవలు కదలవు. ఇంట్లో దాచుకున్నదేమీ ఉండదు. పిల్లలు ఆకలితోనే పడుకునేవాళ్ళు.

ఒకరోజు బుట్టలోంచి ఒక నెత్తలి మాట్లాడింది.

"రాజులమ్మక్కా, తింటే తిను. గోతిలో మాత్రం వెయ్యకు."

"కుళ్ళేది నువ్వు, తప్పు నాదా?" అంది రాజులమ్మ.

కుళ్ళకుండా ఏం చెయ్యాలని ఇద్దరూ వెళ్ళి సూర్యుణ్ణి అడిగారు. మీ ఒంట్లో నీళ్ళే మిమ్మల్ని కుళ్ళబెడుతున్నాయి, వాటిని తాగేస్తాను, కానీ వాటి చోట పెట్టడానికి నా దగ్గరేమీ లేదు అన్నాడు సూర్యుడు. సగం నెత్తళ్ళు ఇసుక మీద పడుకుని ఎండిపోయాయి. ఒంట్లో ఉన్న కాస్త ఉప్పే వాటికి మిగిలింది.

రెండో సగం వంతు వచ్చేసరికి మబ్బు పట్టింది. అప్పుడు ఉప్పుమడికి వెళ్ళి ఉప్పుని బతిమాలుకున్నారు. ఉప్పు సరేనంది. రాజులమ్మ నెత్తళ్ళ మీదే ఉప్పు పోసి బుట్ట నింపుకుని ఇంటిదారి పట్టింది. ఉప్పు అసలు మాట ఆ తర్వాత, బుట్టలోనే మెల్లగా చెప్పింది.

"నీళ్ళని వెళ్ళగొట్టి ఆ చోట నేను కూర్చుంటాను. మంచినీళ్ళొచ్చి అడిగితే తప్ప లేవను."

అది నెత్తలి ఒక్కతే వింది. రాజులమ్మకి చెబుదామనుకుంది గానీ, కుండలో పడేసరికి నోటినిండా ఉప్పే.

రాజులమ్మ గుప్పెడు వేసింది. ఆవిడ చూడకుండా అత్తగారు ఇంకో గుప్పెడు వేసింది, కోడలి చేతిమీద నమ్మకం లేక. పక్కింటావిడ నిప్పు కోసం వచ్చి, పనిలో పనిగా తనూ ఓ గుప్పెడు వేసింది. మా పేటలో ఇప్పటికీ ఎవరూ ఎవరినీ అడగరు.

వానలు పట్టాయి. ఇసుక మీద ఎండినవి మొదట అయిపోయాయి. తర్వాత కుండ తెరిచారు. ఒక్కటి కూడా కుళ్ళలేదు. పిల్లలు నోట్లో పెట్టుకుని ఉమ్మేశారు. రాజులమ్మ కూడా తినలేకపోయింది. కాసేపు ఏడ్చి, కుండెడు నెత్తళ్ళనీ తీసుకెళ్ళి కొబ్బరి గోతిలోనే పారబోసింది.

వానకి గొయ్యి నిండింది. మంచినీళ్ళు అడిగాయి, ఉప్పు లేచింది. తెల్లారేసరికి నెత్తళ్ళు తినడానికి కమ్మగా తయారయ్యాయి.

పిల్లి తినేసింది.

రాజులమ్మ పిల్లలు ఆ రోజు గంజి తాగారు. అందులో ఉప్పుకి మాత్రం లోటు లేదు.

అప్పటినుంచే ఇసుక మీద ఎండిన నెత్తళ్ళకి ఉప్పు తక్కువ, కుండలో ఊరినవాటికి ముల్లు దాకా ఉప్పు. వాటిని నీళ్ళలో నానబెట్టే వండుతారు. నానుతున్నంతసేపూ పక్కన పిల్లి కూర్చుంటుంది.