దివాన్ గారి దగ్గుమందు

శ్రావణ శుద్ధ దశమి, శుక్రవారం, పొద్దెక్కి మూడు ఘడియలైంది. కోట మందుల కొట్టులో జాడీలన్నిటికీ ఒక్కరోజులో అంకెలు వేయించిన దివాన్ నరహరి పంతులుగారు, "ఇక పాత దారాలు తెంపెయ్యండి" అన్నారు.

మందులు నూరే గవరమ్మ నూరడం ఆపేసింది. తాతలనాటి నుంచీ ఆ కొట్టులో తెల్లదారం శొంఠికి గుర్తు, ఎర్రదారం విషమైన వసనాభికి గుర్తు. హడావిడిలో ఒక్క అంకె తారుమారైతే ఏ రోగి ప్రాణం పోతుందో!

ఇంతలో దివాన్ గారికి దగ్గు తెర వచ్చింది.

"బాబుగారూ, కొత్త పద్ధతికి తమరే బోణీ చెయ్యాలి. శొంఠి ఎన్నో జాడీ?"

"పదిహేడు."

ఆవిడ ఆ జాడీని, మెడకున్న దారం కనపడకుండా గుప్పిట పట్టి తెచ్చింది. చెంచాడు పొడి తేనెలో రంగరించి ఇచ్చింది. ఆయన నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయారు.

"దారం ఏ రంగే?"

"దారంతో పనేముంది బాబూ, అంకె ఉందిగా!"

"ముందు చెయ్యి తియ్యవమ్మా!"

తీసింది. తెల్లదారమే. ఆయన మందు మింగి, నవ్వేశారు.

"సరే, ఏడాదిపాటు రెండూ ఉండనీ."

మర్నాడు పొద్దున్నే గవరమ్మ ఇంటిల్లిపాదీ ధన్వంతరికి దీపం పెట్టి, కొత్త దారాలు పేనుతూ కూర్చున్నారు. మొదటి తెల్లదారం దివాన్ గారింటి దగ్గుమందు జాడీకి వెళ్ళింది. ఆయనే అడిగి తెప్పించుకున్నారు.