రేవతుడు చూసిన ఇళ్లు

వానలు ముంచుకొస్తున్నాయి. వానాకాలమంతా భిక్షువులు ఊళ్లు తిరగడం మాని ఒకే చోట ఉండిపోవాలి. అందుకు ఓ ఇల్లు చూడమని పెద్ద భిక్షువు తన శిష్యుడు రేవతుడికి చెప్పాడు. ఆ ఇల్లే ఇంకా కుదరలేదు.

ఇళ్లు లేక కాదు. మా ఇంట్లో ఉండండంటే మా ఇంట్లో ఉండండని జనం పిలుస్తూనే ఉన్నారు. రేవతుడికే ఒక్కటీ నచ్చడం లేదు. వడ్రంగుల ఇంట పుట్టినవాడు, గడప దాటకముందే లోపలి లోపాలన్నీ చెప్పేయగలడు. ఒక ఇంట్లో దూలానికి చెదలు. ఇంకో ఇంట్లో గోడ నడుందాకా చెమ్మ. మరో ఇంటి పెరడు ఇంటివైపే వాలి ఉంది, వానొస్తే నీళ్లన్నీ నట్టింట్లోకే. పోనీ అతను చెప్పినవి అబద్ధాలా అంటే, ఒక్కటీ కాదు. అదే వచ్చిన చిక్కు.

"ఈ ఊళ్లో గోడ నిలువుగా కట్టడం ఒక్కడికీ చేతకాదా భంతే?" అని గురువు దగ్గర మొత్తుకున్నాడు. "చూసి చూసి నా ప్రాణం విసిగిపోయింది!"

"ఇంకేమైనా మిగిలిందా?"

"ఒకటుంది. బుట్టలల్లే నాగసిరి ఇల్లు. చూడక్కర్లేదు, బయటికే తెలుస్తోంది దాని సంగతి."

"పద, నేనూ వస్తాను."

నాగసిరికి భర్త లేడు, ఇద్దరు చిన్నపిల్లలు. భిక్షువులు వస్తున్నారని ఇల్లంతా అలికి, గుమ్మం పక్కన నిలబడింది.

"మీరుంటానంటే చాలు స్వామీ. మేం మేకల పాకలో సర్దుకుంటాం."

రేవతుడు వాసాన్ని చేతికర్రతో పొడిచాడు. పొడి జలజలా రాలింది. మూలగోడ మీద తట్టాడు. పెచ్చు ఊడి కాళ్ల దగ్గర పడింది.

"ఇదేం ఇల్లమ్మా! వాసాలు పుచ్చిపోయాయి. ఈ మూల చూడు, పగుల్లో చెయ్యి పడుతోంది. గట్టి వాన కొడితే ఈ గోడ నిలబడుతుందా?"

ఆమె తల దించుకుంది. "పోయినేడు కూడా ఆ మూలే కారింది స్వామీ. పిల్లల్ని ఇటు జరిపి, నేనటు పడుకునేదాన్ని."

"చూశారా భంతే, ఆవిడే ఒప్పుకుంటోంది! ఇక పదండి." చిరాగ్గా గుమ్మం దాటాడు.

వెనక అడుగుల చప్పుడు లేదు. తిరిగి చూస్తే గురువు పెరట్లో ఉన్నాడు. గోడకని ఎప్పుడో తెచ్చిపోసిన మట్టికుప్ప మీద కడవెడు నీళ్లు కుమ్మరించి, చీవరం మోకాళ్లపైకి దోపుకుని, మట్టి తొక్కుతున్నాడు. ముసలి కాళ్లు, ప్రతి అడుగుకీ జారుతున్నాయి.

రేవతుడికి ఒళ్లు మండింది.

"భంతే! ఈ ఇంట్లో మనం ఉండలేమని ఇప్పుడే కదా చెప్పాను. మనం ఉండని ఇంటికి మట్టెందుకు?"

గురువు తొక్కడం ఆపలేదు.

"మనం ఉండకపోతే వాన మానేస్తుందా రేవతా?"

పడమట మబ్బు ఉరుముతోంది. లోపల నాగసిరి ఊడిపడిన పెచ్చులు చేటలోకి ఎత్తుతోంది. పిల్లలిద్దరూ గోడకానుకుని, ఈ స్వామి ఇంకా ఏమంటాడోనని బెదురుగా చూస్తున్నారు.

రేవతుడు చేతికర్ర గోడకు చేరవేశాడు.

"అమ్మా," అన్నాడు, "నిచ్చెన ఎక్కడుంది?"