లక్క పట్టిన స్విచ్చు

లక్కబొమ్మలు చేసే ఒక ఏటి ఒడ్డు ఊళ్లో పైడిరాజు అనే పనివాడు ఉండేవాడు. కొయ్యపనిలో చేయి తిరిగినవాడే గానీ, ఇంట్లో ఏది పాడైనా బాగుచేయించకుండా, దాంతోనే నెట్టుకొచ్చే కిటుకు ఒకటి కనిపెట్టి మురిసిపోయేవాడు.

అతను పనిచేసే పాక తలుపు కిందికి దిగబడి నేలను పట్టేసేది. దాన్ని కాస్త పైకెత్తి, కుడివైపు నొక్కిపెట్టి, అప్పుడు తోయాలి. ఫ్యాను తనంతట తాను తిరిగేది కాదు. చీపురుకట్ట తిరగేసి రెక్కను ఒక తోపు తోయాలి. లేత్ మిషను ప్లగ్గు విరిగిపోయి చాలా కాలమైంది. పైడిరాజు తీగల కొసలు ఒలిచి సాకెట్టు కన్నాల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు బిగించాడు. ఎవరైనా అడిగితే, "ప్రతిదానికీ ఓ కిటుకు ఉంటాదయ్యా, అది పట్టుకోవాలి" అనేవాడు.

"ఈ ఇంట్లో కాపురం చెయ్యాలంటే చేతులుంటే చాలదు మావా, గారడీ కూడా రావాలి" అనేది అతని భార్య నూకరత్నం.

ఆమెకు విసుగు రావడంలో తప్పేమీ లేదు. ఆ మిషను మీద అంకుడు కర్రను చెక్కి బొంగరాలు, భరిణెలు, లక్కపిడతలు చేయడం పైడిరాజు పని. వాటికి రంగు వేయడం నూకరత్నం పని. కొయ్య గిర్రున తిరుగుతుంటే ఆమె రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించేది. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు పట్టేది. ఆ తర్వాత మొగలి ఆకును మడిచి అదిమిపట్టి నిగనిగలాడేలా మెరుగు తెచ్చేది. ఆమె వేళ్లకూ తిరిగే కొయ్యకూ మధ్య ఆ ఆకు మందం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఆ ఊళ్లో ఎవరు రంగు వేసినా ఆమె వేసినంత నున్నగా వచ్చేది కాదని అందరూ ఒప్పుకునేవారు. ఇల్లు గడిచేది కూడా ఆ చేతుల మీదే.

అలాంటి మిషనుకు స్విచ్చు పాడయింది.

మొదట్లో పొద్దున పూట మొండికేసేది. ఎంత నొక్కినా పిడి కదిలేది కాదు. పైడిరాజు దాని అంచు మీద బొటనవేలు ఆనించి, పక్కకు నొక్కి, ఉలి పిడితో చిన్న దెబ్బ వేసేవాడు. మిషను బయలుదేరేది. "చూశావా" అనేవాడు భార్యతో. కొన్నాళ్లకు కథ తిరగబడింది. మధ్యాహ్నానికి స్విచ్చు ఆపినా మిషను ఆగేది కాదు. అప్పుడు పైనుంచి ఒక దెబ్బ, కింది నుంచి ఒక దెబ్బ వేయాలి. దెబ్బ మరీ గట్టిగా పడితే మళ్లీ మొదటికొచ్చేది.

"పొద్దున బిగుసుకుంటోంది, పని వేడెక్కాక జారిపోతోంది. లోపల ఏదో చేరింది మావా. ఒకసారి విప్పి చూడు" అంది నూకరత్నం.

"స్విచ్చుకి ఏటీ అవలేదే. దాని తీరు నాకు అలవాటయింది, నీకింకా అవలేదు. అంతే తేడా."

"నా వేళ్లు దాని ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. అలవాటు అవ్వాల్సింది నాకా, ఆగాల్సింది దానికా?"

పైడిరాజు నవ్వి ఉలి అందుకున్నాడు.

ఒకరోజు మిషను పని మధ్యలో దానంతట అదే ఆగిపోయింది. పైడిరాజు కరెంటును తిట్టాడు. లైన్‌మాన్‌ను నడి వీధిలో ఆపి, మా ఇంటికి సగం కరెంటే పంపుతున్నావని తగవు పెట్టుకున్నాడు. ఆ మనిషి వచ్చి చూసి, కరెంటు నిండుగా ఉందని చెప్పి పోయాడు. ఆ తర్వాత తప్పు బెల్టు మీదికి పోయింది. కొత్త బెల్టు వేశాడు. మిషను మళ్లీ ఆగింది. అప్పుడు మోటారు మీద అనుమానం పుట్టింది. దాన్ని ఊడదీసి, గోనెసంచిలో చుట్టి, పక్క ఊళ్లో మోటార్లు బాగుచేసే అప్పలనాయుడి దగ్గర పెట్టి వచ్చాడు. పని ఆగిపోయింది. నూకరత్నం ఖాళీగా కూర్చుని కొయ్య పొట్టు ఊడ్చింది.

అప్పలనాయుడు మోటారు తానే తెచ్చి బిగించాడు. "దీనికి ఏ రోగమూ లేదు బావా. నీ బెల్టు కొత్తది. నీ కరెంటు బాగుంది. మిగిలింది స్విచ్చే కదా, విప్పి చూసేదా?" అన్నాడు.

"దాని జోలికి మాత్రం పోకు. దాని కిటుకు నాకు తెలుసు. నువ్వు విప్పితే అది కాస్తా పోతాది" అన్నాడు పైడిరాజు.

అప్పలనాయుడు నూకరత్నం వైపు చూశాడు. ఆమె నుదురు కొట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇంట్లో దొంగ ఉన్నాడంటే వీధిలో వాళ్లందరినీ వెతికి, దొంగను మాత్రం మా మనిషేనని వదిలేసినట్టుందని ఆమెకు అనిపించింది.

కొంతకాలానికి ఒక పెళ్లివారు కుంకుమ భరిణెలు చేయమని అడిగారు. వచ్చిన ముత్తయిదువులకు పంచడానికట. మూత మీద పసుపు, ఒంటి మీద ఎరుపు, మధ్యలో సన్నని నీలం గీత ఉండాలన్నారు. రత్నమ్మ చేత్తోనే రంగు పడాలని కూడా అన్నారు. ఆ మాటకు ఆమె సంతోషించింది.

భరిణెల పని సగం అయ్యాక, ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. చెక్కడం పూర్తయిన భరిణె ఒకటి మిషనుకే బిగించి ఉంది. పైడిరాజు అలవాటుగా స్విచ్చు పిడిని ఆపే వైపుకు తిప్పి, పైనుంచి ఒకటి, కింది నుంచి ఒకటి వేశాడు.

"ఆపేశాను. దుమ్ము తుడుచుకుని ఉంచు, కరెంటు రాగానే రంగు పట్టించవచ్చు" అన్నాడు.

"అది ఆగిందని నీకెలా తెలుసు?"

"చప్పుడు లేదు కదా."

"కరెంటే లేనప్పుడు చప్పుడెక్కడి నుంచి వస్తాది మావా? ఆ తీగ పీకెయ్యి."

"మళ్లీ ఆ అగ్గిపుల్లలన్నీ ఎవరు దూరుస్తారు? ఎప్పటి నుంచి కొడుతున్నాను ఆ దెబ్బ, ఇవాళ తప్పుతానా? ఊరికే చాదస్తం పెట్టకు" అన్నాడు పైడిరాజు. తువ్వాలు భుజాన వేసుకుని, పక్కింటి పోలమ్మ అరుగు మీద గాలికి కూర్చోవడానికి వెళ్లాడు. తలుపు అతని వెనకాల నేలను పట్టుకుని బిగిసిపోయింది.

నూకరత్నం స్విచ్చు వైపు చూసింది. పిడి ఆపే వైపే ఉంది. అతనితో వాదించే ఓపిక ఆమెకు ఆరోజుకు అయిపోయింది. పాత గుడ్డ ఒకటి వేళ్లకు చుట్టుకుని భరిణెను తుడవసాగింది.

కరెంటు వచ్చింది.

మిషను ఒక్కసారిగా తిరిగింది. గుడ్డ కొస భరిణెకు చుట్టుకుని, దాంతోపాటు ఆమె చేతిని లోపలికి లాక్కుంది. ఆమె రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి వెనక్కి గుంజింది. గుడ్డ మరింత బిగిసింది. ఎడమ చేత్తో స్విచ్చు మీద కొట్టింది. పైనుంచి కొట్టింది, కింది నుంచి కొట్టింది. ఆ దెబ్బ ఎలా వేయాలో భర్త చేతికే తెలుసు. తీగ ఆమెకు అందేంత దగ్గర లేదు.

"మావా" అని కేక వేసింది.

పైడిరాజు పరుగున వచ్చాడు. తలుపు పట్టేసి ఉంది. పైకెత్తి, కుడికి నొక్కి, అప్పుడు తోయాలి. కంగారులో అతను తోశాడు. మళ్లీ తోశాడు. తోసినకొద్దీ అది నేలకు కరుచుకుంది.

"ఎత్తు, ఎత్తి తొయ్యి" అని లోపల నుంచి నూకరత్నం అరిచింది. తన చేయి మెలిపడుతూ ఉంటే, తలుపు కిటుకు దాన్ని కనిపెట్టినవాడికే గుర్తు చేయాల్సి వచ్చింది ఆమెకు.

తలుపు తెరుచుకుంది. అతను స్విచ్చు మీద పడ్డాడు. బొటనవేలు ఆనించాడు. పక్కకు నొక్కాడు. పైనుంచి కొట్టాడు. ఉలి పిడి జారి పక్కన పడింది. చేత్తో కొట్టాడు. మిషను తిరుగుతూనే ఉంది. ఇన్నాళ్లూ ఎలాగోలా తగిలే దెబ్బ ఆరోజు ఎంత కొట్టినా తగల్లేదు.

"దాన్ని వదిలెయ్యి. తీగ, మావా, తీగ పీకు."

పైడిరాజు కొయ్యల గుట్టకు తట్టుకుని పడి లేచి, తీగను రెండు చేతులా పట్టుకుని లాగాడు. అగ్గిపుల్లలు ఎగిరిపడ్డాయి. మిషను ఆగింది.

పట్నం ఆసుపత్రిలో నూకరత్నం కుడి మణికట్టుకు సిమెంటు కట్టు వేశారు. "వేళ్లు దక్కాయి, అదృష్టవంతురాలివమ్మా" అన్నాడు డాక్టరు. "మణికట్టు మాత్రం మునుపటంత వంగదు." పైడిరాజు ఆ మాట విని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వసారాలోకి వెళ్లిపోయాడు.

ఇంటికి తిరిగొచ్చాక అతను మొదట చేసిన పని, స్విచ్చు విప్పడం. తీగ సాకెట్టులో లేదని కళ్లతో చూసుకుని, మరలు తిప్పి మూత తీశాడు. లోపల ఉండాల్సిన రాగి రేకు ఎక్కడుందో కనబడలేదు. అంతా లక్కే. గోటితో గీకితే పైన ఎరుపు, దాని కింద నీలం, ఆ కింద పసుపు, పొర మీద పొర ఊడి వచ్చాయి. ఆ ఇంట్లో రంగు వేసిన ప్రతి బొమ్మ గుర్తూ అందులో ఉంది. ఆమెకు మెత్తబడ్డ లక్క కడ్డీలు అందించి, రంగు పని ముగియగానే ఆ లక్క అంటిన వేళ్లు తుడుచుకోకుండా స్విచ్చు నొక్కేది అతనే. ఆ లక్క సందుల్లోంచి లోపలికి పాకింది, కొయ్య దుమ్మును కూడా పట్టుకుంది. రాత్రి చలికి గట్టిపడి పొద్దున పిడిని పట్టేసేది. పని వేడికి మెత్తబడి లోపలి రేకును జిగురులా అంటిపెట్టుకునేది. అప్పుడు బయట పిడి ఆపే వైపుకు వెళ్లినా, లోపల రేకు మాత్రం కదలకుండా ఉన్నచోటే ఉండేది. ఒక్కోసారి ఆ లక్కే రేకు కిందికి జారి కరెంటుకు అడ్డుపడి, పని మధ్యలో మిషనును ఆపేసేది. మూత విప్పి చూసినవాడికి ఎవరికైనా ఇది తెలిసిపోయేది.

నూకరత్నం కట్టు వేసిన చేతిని ఒడిలో పెట్టుకుని ఆ స్విచ్చు వైపు చూసింది.

"బాగా పూశావు మావా. నాకన్నా నున్నగా వచ్చింది" అంది.

పైడిరాజు గోటితో లక్క గీకుతూనే ఉన్నాడు.

పెళ్లివారి భరిణెలు మిగిలిపోయాయి. వాటికి అతనే రంగు వేయాల్సి వచ్చింది. ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని, కడ్డీ అంత నొక్కకు, ఆకు అలా పట్టుకోకు అని చెబుతూనే ఉంది. లక్క ఉండలు కట్టింది. "ఇవి కుంకుమ భరిణెలా, చింతకాయలా?" అంది ఒకదాన్ని ఎడమ చేత్తో తిప్పి చూస్తూ. పెళ్లివారు వచ్చి చూసి, బాగానే ఉన్నాయని మొహమాటానికి అన్నారు. తర్వాత బంధువుల పెళ్లికి మాత్రం వేరే ఇంట్లో చేయించుకున్నారు.

ఆ భరిణెల రంగు పనికి ముందే పైడిరాజు అప్పలనాయుణ్ణి పిలిచి మిషనుకు కొత్త స్విచ్చు వేయించాడు. లక్క అంటని చోట, మూత ఉన్నది, కూర్చున్న మనిషి మోకాలితో నెట్టినా ఆగిపోయేది పెట్టించాడు. కరెంటు పోయి వస్తే, మళ్లీ నొక్కితే తప్ప మిషను కదలకుండా ఏర్పాటు చేయించాడు. కొత్త ప్లగ్గు వేయించాడు. తలుపు బందులు మార్పించాడు. చేతులు తుడుచుకోవడానికి స్విచ్చు పక్కనే ఒక గుడ్డ వేలాడదీశాడు. అది అయ్యాక, జన్మలో ఎప్పుడూ మిషను ముట్టని పక్కింటి పోలమ్మను లోపలికి పిలిచాడు.

"అత్తా, దీన్ని ఆపు."

తిరుగుతున్న మిషనును చూసి ముసలామె జంకింది. "నాకు నీ కిటుకులు తెల్దురా పైడీ."

"ఏ కిటుకూ లేదత్తా. నొక్కడమే."

పోలమ్మ వేలితో నొక్కింది. మిషను ఆగింది.

"ఇంతేనా?" అంది ఆమె, ఇంకేదో ఉంటుందని ఎదురుచూసినట్టు.

"ఇంతే ఉండాలి" అంది నూకరత్నం గుమ్మం దగ్గర నుంచి. "ఇంతే ఉండాలని మొదటి నుంచీ చెబుతున్నాను."

కట్టు విప్పాక ఆమె మళ్లీ మొగలి ఆకు పట్టింది. మణికట్టు పూర్తిగా వంగదు కాబట్టి, పీటను కాస్త పక్కకు జరుపుకుని కూర్చునేది. రంగు మళ్లీ నున్నగానే వచ్చింది, కానీ మునుపటంత వేగంగా కాదు. ఆమె పీట జరుపుకున్న చప్పుడు విన్నప్పుడల్లా పైడిరాజు చేస్తున్న పని ఆపి, ఒకసారి స్విచ్చు వైపు చూసేవాడు.

పాడైనదానితో నెట్టుకురావడం నేర్చుకున్నంత మాత్రాన అది బాగుపడినట్టు కాదు. నిమ్మళంగా ఉన్నప్పుడు పనికొచ్చే కిటుకు ఆపదలో చేతికి అందదు, కాబట్టి లోపం చిన్నగా ఉండగానే విప్పి చూసి సరిచేసుకోవాలి.