లోపలా, విడిగానా, వద్దా

రత్నం చేసిన అలారం మళ్ళీ ఆగిపోయింది. తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పరిగెత్తాయి. చివర్లో మెమరీ కార్డు దొరకలేదు, కెర్నల్ పానిక్ అని చూపించి ఊరుకుంది. పొద్దున్నుంచీ ఇదే వరస. యంత్రానికే అంత కంగారు పుడితే ఇక మనిషి సంగతేం చెప్పను.

అది చేపల వేట బోట్లలో బిగించే తుపాను అలారం. వాయుగుండం కబురు అందగానే కూత పెడుతుంది. కాకినాడ జగన్నాథపురంలో దైవాధీనం మాస్టారు తన షెడ్డులో వీటిని తయారుచేస్తారు. మాస్టారంటే బడిలో మాస్టారు కాదు. ఓడల రేడియోలు బాగుచేసీ చేసీ జుట్టు నెరిసిన మనిషి, మాట్లాడమంటే మాత్రం మహా పిసినారి. నూకరత్నం ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. ఆమె సొంతంగా చేస్తున్న మొదటి అలారం ఇదే. అది వెళ్ళేది వాళ్ళ నాన్న మసేను ఎక్కే బోటుకి. వేట నిషేధం అయిపోయింది, రేపు తెల్లారితే బోటు కదులుతుంది.

అలారానికి ప్రాణం కెర్నల్ అనే ప్రోగ్రాం. దాన్ని తయారుచేసే ముందు కంప్యూటరు పెళ్ళిచూపులకొచ్చిన మేనత్తలా ఆరాలు తీస్తుంది. ఫలానా సదుపాయాన్ని కెర్నల్ లోపలే కలిపెయ్యాలా, మాడ్యూలు అనే ముక్కగా చేసి విడిగా కార్డులో ఉంచాలా, అసలు వద్దా? ఇలా వేల ప్రశ్నలు. తెలియకపోతే వద్దనండి అని చాలా ప్రశ్నల కిందే సలహా ఉంటుంది. ఆ రాసినవాళ్ళకేం, వాళ్ళ నాన్న సముద్రం మీదికి వెళ్ళట్లేదుగా.

రత్నం దేన్నీ వద్దనలేకపోయింది. ఆటలాడే జాయ్‌స్టిక్కు ఉండనీ, టీవీ రిమోటు ఉండనీ, ఎప్పుడేం అవసరం పడుతుందో. కానీ కెర్నల్ ఉండే చిప్పు చిన్నది, అన్నీ లోపల కలిపితే పట్టదు. అందుకని దొరికినదాన్నల్లా మాడ్యూలు చేసి కార్డులోకి తోసేసింది. ఇంత చిన్న కెర్నల్ ఈ షెడ్డులో ఎవరూ చెయ్యలేదని నిన్న కాస్త మురిసిపోయింది కూడా.

ఇవాళ ఆ మురిపెం లేదు. ఆగిపోయినప్పుడల్లా ఇంకో నాలుగు మాడ్యూళ్ళు చేర్చింది. కార్డు పాడైందేమోనని కొత్త కార్డు వేసింది. అయినా అదే మాట, కార్డు దొరకలేదు.

మధ్యాహ్నం మసేను రేకుపెట్టె భుజాన వేసుకుని వచ్చాడు. వేటకి కావలసినవన్నీ అందులోనే ఉంటాయి, బ్యాటరీ లైటు, వానకోటు, బీడీలు, జ్వరం మాత్రలు.

"అయ్యిందా అమ్మా?"

"అవుతోంది నాన్నా."

"అవ్వకపోతే పోన్లే. ఇన్నాళ్ళూ ఇది ఉండే వెళ్ళామా ఏంటి?"

ఆ మాటకి రత్నం పని ఆపేసింది. కిందటేడు కబురు అందక ఆ బోటు గాలివానలో చిక్కుకున్నప్పుడు, అమ్మా తనూ తిండి మానేసి రేవులో పడిగాపులు కాశారు.

"మాస్టారూ, నావల్ల కాదండి. మీరే చేసెయ్యండి. ఏం మర్చిపోయానో తెలియట్లేదు. అన్నీ పెట్టానండి."

మాస్టారు తెర దగ్గరికి వచ్చి ఆమె ఇచ్చిన జవాబులన్నీ చూశారు. ఒకచోట ఆయన వేలు ఆగింది. వచ్చి మసేను ఎదురుగా కూర్చున్నారు.

"మసేనూ, ఆ మొలతాడుకి కట్టిందేంటి?"

"పెట్టె తాళంచెవండీ. జేబులో ఉంటే నీళ్ళపాలేనండి. మావోళ్ళందరం ఇక్కడే కడతామండి."

"ఒరుసుకోదూ?"

"ఒరుసుకుంటదండి. అలవాటైపోయింది."

"ఇలా ఇవ్వు."

మసేను విప్పి ఇచ్చాడు. మాస్టారు దాంతో రేకుపెట్టె తెరిచారు. తాళంచెవిని వానకోటు మడతలో జాగ్రత్తగా పెట్టి, మూత వేసి, తాళంకప్ప నొక్కేశారు. టక్కుమని పడింది.

మసేను గబుక్కున లేచి తాళంకప్ప లాగి చూశాడు.

"ఇదేం పనండీ మాస్టారూ," అన్నాడు మసేను. పెద్దాయన కాబట్టి అంతటితో ఆగాడు గానీ మొహం ఎర్రబడింది.

"ఎక్కడికీ పోదు. భద్రంగా లోపలే ఉంది," అన్నారు మాస్టారు.

"లోపలుంటే ఏం లాభమండీ," రత్నానికి కోపం ఆగలేదు. "పెట్టె తెరిస్తేగా తాళంచెవి వచ్చేది, తాళంచెవి ఉంటేగా పెట్టె..."

అక్కడే ఆగిపోయింది.

గిరుక్కున తెర వైపు తిరిగింది. కార్డును చదివే ప్రోగ్రాం, అదే డ్రైవరు, ఎక్కడుందో వెతికింది. మాడ్యూలు. కార్డును తెరిచేదాన్ని తనే తీసుకెళ్ళి ఆ కార్డులోనే పెట్టేసింది.

సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. దాన్ని కెర్నల్ లోపల కలిపింది. జాయ్‌స్టిక్కు దగ్గర కాస్త తటపటాయించింది గానీ, వద్దంది. రిమోటూ వద్దంది. కెర్నల్ మళ్ళీ తయారవుతుంటే వెనకాల మాస్టారు సుత్తితో మసేను తాళం బద్దలుకొడుతున్నారు. తన బీరువాకున్న తాళంకప్ప తీసి, చెవితో సహా అతనికి ఇచ్చారు. మసేను ఇంకా సణుగుతూనే దాన్ని మొలతాడుకి కట్టుకున్నాడు.

రత్నం స్విచ్చి వేసింది. అక్షరాలు పరిగెత్తాయి. ఆగేచోటు దాటాయి. అలారం సిద్ధమైనట్టు కుయ్యిమని కూసింది.

మసేను నవ్వాడు. రత్నం నవ్వలేదు. ఆర్పి మళ్ళీ వేసింది. కూసింది. మళ్ళీ ఆర్పి వేసింది.

"మాస్టారూ, ఇంకేమైనా మర్చిపోయానేమోనండి."

"మర్చిపోయే ఉంటావు."

రత్నం అలారాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. నాన్న చెయ్యి చాపినా ఇవ్వలేదు.

"తలుపు తీసేది దగ్గరుంది," అన్నారు మాస్టారు. "మిగతావి లోపలికెళ్ళాక వెతుక్కోవచ్చు."

రత్నం ఇంకోసారి స్విచ్చి వెయ్యలేదు. అలారం తీసుకెళ్ళి నాన్న చేతుల్లో పెట్టింది.