పదివేల ఒకటో మొక్క

కడియం దగ్గర ఒక నర్సరీలో పల్లాలయ్య అనే మేస్త్రీ ఉండేవాడు. లెక్కల్లో తనంతటివాడు లేడని ఆయన నమ్మకం, ఏ లెక్కనైనా సగంలో వదిలేయడం ఆయన అలవాటు.

ఒక ఏడాది పొదుపు సంఘాల ఆడవాళ్లు కాలవ గట్టు పక్క బీడులో పొగడతోట వేద్దామనుకున్నారు. ఒక్కొక్కరూ ఒక్కో విత్తు నాటి, ఆరు నెలలు ఇంటి దగ్గర పెంచి, పేరు రాసిన చీటీ కట్టి నర్సరీకి తెచ్చారు. మొత్తం పదివేల ఒక్క మొక్కలు. నీళ్లకి డ్రిప్పు పైపులు వేయాలి, ప్రతి పైపుకీ సమానంగా మొక్కలుండాలి. ఆ లెక్క తేల్చే పని పల్లాలయ్యకి అప్పగించారు.

ఆయన రెండుతో భాగించాడు. మూడుతో, అయిదుతో, ఏడుతో, పదకొండుతో చూశాడు. ప్రతిసారీ ఎంతో కొంత మిగిలింది.

"ఇది ప్రధాన సంఖ్య. దేనికీ లొంగదు," అని తేల్చేశాడు. చివర ఉన్న మొక్కను సంచిలోంచి పీకి చెత్తకుప్ప మీద పడేశాడు. ఇక పదివేలు. వంద పైపులు, పైపుకి వంద మొక్కలు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

నాలుగో రోజున నూకరత్నం వచ్చింది. ఆమె మాలలు కట్టి బతికే మనిషి.

"మేస్త్రీగారూ, నా మొక్క కనపడటం లేదండి."

"ఏ అంకెతో భాగించినా మిగిలిందమ్మా. ఒకటి ఎక్కువైంది, తీసేశాను."

"ఎక్కువైంది నాదేనని ఎలా తెలిసిందండి?"

పల్లాలయ్య చెత్తకుప్ప వైపు చెయ్యి చూపించాడు. కుప్ప మీద మొక్క ఎండి పుల్లైపోయింది. నూకరత్నం చీటీ విప్పుకుని చేత్తో తుడిచింది. "నా పేరు రాసున్న వస్తువు నాకిదొక్కటేనండి," అంది. ఆమెకి ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

"ఎందాకా చూశారండి?"

"పదకొండు దాకా."

"అక్కడే ఆపేశారా? పూలు మిగిలితే నేను మాల కొలత మారుస్తానండి. పువ్వు పారేయను."

కాగితం అడిగి అరుగు మీద కూర్చుంది. పదమూడుతో మొదలుపెట్టింది. పద్నాలుగు, పదిహేను వదిలేసింది. రెండుకీ మూడుకీ పోనిది వాటికెలా పోతుంది? పదిహేడు, పందొమ్మిది, ఇరవై మూడు... దేనికీ పోలేదు. ఆమె ఆపలేదు. డెబ్బై మూడు దగ్గర శేషం సున్నా వచ్చింది.

డెబ్బై మూడు పైపులు, పైపుకి నూట ముప్పై ఏడు మొక్కలు. పల్లాలయ్య మూడుసార్లు గుణించి చూశాడు. సరిగ్గా పదివేల ఒకటి! ఆయన ముఖం మాడిపోయింది.

ఆ లెక్కనే తోట వేశారు. చివరి పైపులో చివరి గుంట మాత్రం ఖాళీగా మిగిలింది. పల్లాలయ్య తన చేత్తో అందులో ఒక పొగడ విత్తు నాటాడు.

"ఆ చీటీ ఇలా ఇవ్వమ్మా, కడతాను," అన్నాడు.

"మొలిచాక ఇస్తానండి," అంది నూకరత్నం.

ఎవరినైనా ఎక్కువయ్యారని తోసేసే ముందు, మన లెక్క చివరిదాకా చేశామో లేదో చూసుకోవాలి.